పసుపు గాజు పడవ

శ్రీకాళహస్తిలో లోహిత బొమ్మల రిపేరు అంగడి తలుపు పక్కన ఒక మేకు, ఆ మేకుకు ఆరు ప్లాస్టిక్ గాజులు. ఆదివారం పొద్దున రిమోటు పడవలు చంకన పెట్టుకొని వచ్చే పిల్లలు ముందు గాజు తీసుకోవాలి. గాజు చేతికి ఎక్కందే రిమోటు స్విచ్చి నొక్కకూడదు. "మగోళ్ళకి గాజులేందక్కా" అని మూతి ముడిచినవాళ్ళు కూడా రెండు వారాల్లో దారికొచ్చారు.

బజార్లో దొరికే చవక పడవలన్నీ ఇంచుమించు ఒకే ఫ్రీక్వెన్సీ మీద నడుస్తాయి. లోహిత దాన్ని అల అంటుంది. ఒకే అల మీద ఇద్దరు మాట్లాడితే పడవకి ఎవరి మాటా ఎక్కదు, గిరగిరా తిరుగుతుంది. డిప్లొమా రెండో ఏడు వదిలేసి, పాడైన బొమ్మలు విప్పి విప్పి ఈ సంగతి తనంతట తానే కనుక్కుంది. పడవలో ఒకటి, రిమోట్లో ఒకటి జతగా అలని నిర్ణయించే క్రిస్టల్ ముక్కలు మార్చి, ఆరు పడవల్ని ఆరు అలలకి విడగొట్టింది. అలకొక రంగు, రంగుకొక గాజు.

పసుపు పడవ లోహిత సొంతం. దాని గాజు మాత్రం అవ్వ మనసు బాగాలేని రోజు మేకు దిగదు. నాయన్ని కన్న అవ్వ జ్ఞానాంబ కోపగించుకుంటే ఎర్ర పడవ ఉలిక్కిపడుతుంది. ఏడిస్తే పసుపుది కదులుతుంది. తాత పుత్తూరు ఆసుపత్రిలో పోయిన రోజు అవ్వ అక్కడ ఏడిస్తే, ఇక్కడ అలమారలో పసుపు పడవ చుక్కాని బ్యాటరీ అయిపోయేదాకా కొట్టుకుంది. వీధిలో ఎవరికీ ఇది వింత కాదు. టీవీలో బొమ్మ చెదిరితే "ఎవురి మీద కోపం జ్ఞానాంబక్కా?" అని గోడ మీదనుంచి అడిగి ఊరుకుంటారు.

ఆ ఆదివారం ముసురు పట్టి పిల్లలు రాలేదు. నాయన మునిరత్నం కలంకారీ గుడ్డలు జాడించడానికి సువర్ణముఖికి వెళ్ళాడు. రంగు నిలవాలంటే పారే నీళ్ళే కావాలి, తొట్టి నీళ్ళకి గుడ్డ లొంగదు. ఏట్లో మోకాలి లోతు పారుతుంటే ఇంట్లో కూర్చునే పనివాడు ఎవడు?

పది గంటలప్పుడు నాయనతో కలిసి రంగులు కాచే ధనశేఖర్ రొప్పుతూ వచ్చాడు.

"పాపా, పైన యాడనో చెరువు తెగినాదంట. మీ నాయన నడీట్లో బండ మీద చిక్కుకొని ఉండాడు!"

గట్టు మీద యాభై మంది. ఎర్రనీళ్ళు బండని నాలుగు వైపులా కొరుకుతున్నాయి. తడి గుడ్డల మూట కావలించుకొని నిలబడ్డ మునిరత్నం మడమలు అప్పటికే మునిగాయి. రాయి కట్టి విసిరిన తాడు సగం దూరం కూడా పోలేదు. ఈదబోయినవాణ్ణి నలుగురు పట్టి వెనక్కి లాగారు. డ్రోను ఉన్న ఫోటోగ్రాఫరు తిరుపతిలో పెళ్ళికి పోయాడు. ఫైరింజను తెగిన రోడ్డుకి అవతల ఆగిపోయింది.

"ఇంగ గంట కూడా పట్టదు, నీళ్ళు నడుముకొస్తాయి," అన్నాడు ధనశేఖర్, గొంతు తగ్గించి.

లోహిత అంగడికి పరిగెత్తింది. ఈ ఉరవడికి నిలిచే మోటారు ఒక్క పడవకే ఉంది. ఆ కంగారులో మోటారు చూసిందే గాని రంగు చూడలేదు. అలవాటు కొద్దీ గాజు చేతికి ఎక్కించుకొని తిరిగొచ్చి, పడవ తోకకి నైలాను దారం, దారం కొసకి లావు తాడు కట్టింది.

"బొమ్మ పడవతో మనిషిని లాగుతావా మే?" అన్నాడు ధనశేఖర్.

"మనిషిని కాదు మామా, దారాన్ని. దారం చేరితే తాడు చేరతాది. ఆపైన మీరుండారు కదా, తిన్నది అరిగేట్టు లాగండి."

ఎగువ నుంచి వదిలితే పడవ నీళ్ళని ఏటవాలుగా కోసుకుంటూ పోయింది. ఇంకా పది బారలుందనగా చుక్కాని ఎడమకి కొట్టుకుంది. లోహిత కుడికి తిప్పింది. పడవ వినలేదు, గిరగిరా తిరిగింది. దారం పట్టి లాగి మళ్ళీ వదిలింది. మళ్ళీ అక్కడే అదే తిరుగుడు.

"ఎవురప్పా రిమోటు ఆన్ చేసింది?" అని అరిచింది. అందరూ ఖాళీ చేతులు చూపించారు.

అప్పుడు కనబడింది అవ్వ. గట్టు రాళ్ళ మీద, కొంగు నోట్లో కుక్కుకొని. లోహిత తన మణికట్టు వైపు చూసుకుంది. పసుపు.

"అవ్వా, ఏడవొద్దు! నువ్వేడిస్తే పడవ నా మాట వినదు!"

"ఆపుతాండా మే... ఆపుతాండా..."

గొంతు ఆగింది. లోపలిది ఆగలేదు. పడవ తిరుగుతూనే ఉంది. నీళ్ళు మునిరత్నం మోకాళ్ళకి వచ్చాయి. చేతిలో మూట వదిలేశాడు. నెల పని నీళ్ళ మీద పరుచుకొని పోయింది.

"పెద్దామెని దూరంగా తీసకపోదాం పట్టండప్పా," అన్నాడు ధనశేఖర్.

"ఎంత దూరం మామా? పుత్తూరు కాడ ఏడిస్తేనే ఈడ కదిలింది."

ఒకే అల మీద ఇద్దరుంటే ఒకరు ఆపాలి. అది అవ్వ వల్ల కాదు. అయితే ఆపాల్సింది ఎవరో తేలిపోయింది. ఇన్నేళ్ళలో తన పడవని ఇంకొకరి చేతికి ఇచ్చి ఎరగదు లోహిత. రిమోటు స్విచ్చి కట్టేసింది. గాజు తీసి అవ్వ చేతికి తొడగబోయింది.

అవ్వ చెయ్యి వెనక్కి లాక్కుంది. "నాకు గాజేంది మే, ఇంతమందిలో? మీ తాత పోయి..."

"ఇది ముత్తైదువ గాజు కాదవ్వా. లైసెన్సు. ఇంగ పడవ నీది. నువ్వు అణచుకోబట్టే అది అటూ ఇటూ కొట్టుకుంటాండాది. కొంగు తియ్యి. నాయన పక్కే సూసి నోరారా ఏడువు."

బోసి చేతికి పసుపు గాజు ఎక్కింది. అవ్వ కొంగు వదిలి, రాళ్ళ మీద లేచి నిలబడింది.

"ఓ చిన్నబ్బా! నా బిడ్డా!"

ఆ కేక ఎక్కడా తెగలేదు. తిరుగుతున్న పడవ నిలిచింది, ముక్కు బండ వైపు తిప్పింది, నీటి మీద గీత గీసినట్టు పోయి మునిరత్నం మోకాలికి తగిలింది. వంగి దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు.

దారం వెంట తాడు పోయింది. తాడు నడుముకి బిగిసింది. ఇరవై మంది లాగారు. నడుమ రెండుసార్లు తల మునిగింది, రెండుసార్లూ మళ్ళీ తేలింది. చివరికి మునిరత్నం బురదలో పాక్కుంటూ వచ్చి, చొక్కాలో దోపుకున్న పడవ తీసి పక్కన పెట్టి, తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

అవ్వ ఏడుపు ఇంకా ఆపలేదు.

"చాల్లేమ్మా, వచ్చేసినా కదా," అన్నాడు.

లోహిత పడవ బోర్లించి, బ్యాటరీ పీకి జేబులో వేసుకుంది.

"ఏడవనీ నాయనా. ఇంగ ఎవురికీ అడ్డం లేదు."