తేదీ ఖాయమైతే శంఖం

కుప్పంలో ఒక గుండె ఆసుపత్రికి మదనపల్లెలో కూర్చుని వెబ్ పేజీ చేశాను. చదువు రానివాళ్లకూ తెలియాలని ప్రతి బటన్‌కూ ఒక శబ్దం పెట్టాను. నొక్కితే టిక్కు, తప్పు నొక్కితే బుయ్యి. ఆపరేషన్ తేదీ ఖాయమైతే మాత్రం శంఖం.

ఆ శంఖం మా నాన్న రామప్పది. పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో శవం ముందు నడిచి ఊదే దాసరి ఆయన. ఆ ఊపిరితోనే నన్ను చదివించాడు. అది వింటే నాకు మా ఇంట్లో పొయ్యి వెలిగినట్టుంటుంది. ఊరందరికీ అట్లాగే ఉంటుందనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది.

రికార్డు చేసిన రోజు నాన్న ఉతికిన పంచె కట్టుకున్నాడు. "ఇన్నేండ్లలో మంచిపనికి దీన్ని ఎవురూ పిల్సలేదు తల్లీ" అన్నాడు.

పేజీ మొదలైన మూడో రోజు మా ఊరి వెంకటమ్మత్త ఫోన్ చేసింది. ఆమె భర్త గోపాలస్వామికి ఈ వారంలో ఆపరేషన్ చేయకపోతే ప్రాణానికే ముప్పన్నారు. తేదీ కోసం ఆయన మంచం పక్కనే కూర్చుని బటన్ నొక్కింది.

"నవనీతా, మనిషి బతికుండంగానే శంఖం ఊదిస్తివి గదే! గోడతట్టు తిరిగి పండుకున్యాడు. కుప్పానికి రానంటాండాడు. యాల సేస్తివే ఇట్లా?"

శంఖం తీసేసి గంట పెట్టి, మళ్లీ నొక్కి ఆయనకు వినిపించమన్నాను.

"విన్యాక ఆ సప్పుడు ఇంగ యాడికి పోతాది" అని పెట్టేసింది.

బస్సెక్కి పుంగనూరుకు పోయి, సిగ్గుతో చచ్చిపోతూ నాన్నకు చెప్పాను. ఆయన చొక్కా తొడుక్కుని వెంకటమ్మత్త ఇంటికి నడిచాడు. నేనూ వెనకే పోయాను, కుప్పానికి పిలిపించిన కారు వాళ్ల వాకిట్లోనే ఆగి ఉంది.

"నువ్వు లోపలికి రావద్దు రామప్పా" అని ఆమె గడప దగ్గరే అడ్డం నిలబడింది.

నాన్న వాకిట్లోంచే గట్టిగా పిలిచాడు. "గోపాలప్పా! నలభై ఏండ్లుగా ఊదతాండాను. నేనెవురి కోసరం ఊదితే వాళ్లు ఒక్కరన్నా విన్యారా? నువ్వు విన్యావు. లెయ్యప్పా, కారెక్కు!"

లోపల మంచం కిర్రుమంది.

గోపాలస్వామి గోడ పట్టుకుని బయటికొచ్చాడు. కారెక్కబోతూ ఆగి, నాన్న ముఖం చూడకుండా అన్నాడు.

"రామప్పా, ఏమనుకోబాకు. పొయ్యేటప్పుడు నువ్వు ముందర నిలబడొద్దు."

"సరేలేప్పా" అని నాన్న ఇంటి వెనక్కి వెళ్లాడు. కారు వెళ్లిపోయేదాకా అక్కడే ఉన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.