పందెం గీత మీద వల

జాలరి సొవేర్ తన వల లాగితే సగమే పైకి వచ్చింది. మిగతా సగాన్ని పందెం నిర్వాహకుల మోటారు పడవ చీల్చి పారేసింది. పగలు తెరచాప పడవలు పరుగెత్తే గీతకు గుర్తుగా అక్కడొక ఎర్ర బోయా తేలుతోంది. తెగిన తాళ్లు చూసి అతని చెల్లెలు నోరిన్ కడుపు మండిపోయింది. అతను పట్టిన చేపల్ని ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో అమ్మేది ఆమే.

నష్టపరిహారం అడగడానికి రేవు ఆఫీసుకు వెళ్తే మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్తే పెద్దాయన పందేలు చూడటానికి వెళ్లాడన్నారు. డబ్బున్నవాళ్ల ఆటకు సముద్రమంతా కావాలట, సముద్రం మీద బతికేవాళ్లకు ఒడ్డు చాలట. సిగ్గులేని న్యాయం!

ఆ సాయంత్రం జాలర్ల పంచాయితీ గది కిక్కిరిసింది. నోరు మూసుకుంటే గీత అవతల వేటకు నాలుగు పడవలకు అనుమతి ఇస్తామని ఆఫీసు ఆశ చూపింది. వాళ్లలో లూసియన్ అనే జాలరి మెత్తబడ్డాడు. ఇంట్లో పిల్లల మొహాలు చూడాలి కదా అన్నాడు. గదంతా తిట్లు లేచాయి. నోరిన్ వాటిని ఆపి నిలబడింది.

"ఎవరి వల ఎక్కడ వెయ్యాలో ఏటా టోపీలో చీట్లేసి తీస్తాం. మంచి చోటు ఎవడబ్బ సొత్తూ కాకూడదనేగా? ఇప్పుడు మన చీటీ ఆ ఆఫీసోడు తీస్తాడా?"

లూసియన్ నోరిన్ వైపు తిరిగాడు. "సరే అక్కా, ఏం చేద్దామంటావ్?"

ఆఖరి పందెం రోజున గీత మీదే అందరూ వలలు వెయ్యాలని తీర్మానించారు.

ఆ రోజు పందేనికి ముందే రేవు ఖాళీ అయింది. పడవ వెనక పడవ, గీత పొడవునా వలలు దిగాయి. తెరచాపలు అటూ ఇటూ తిరిగి ఆగిపోయాయి. ఒడ్డున డబ్బున్న జనం బూతులు తిడితే రేవు కూలీలు చప్పట్లు కొట్టారు. పోలీసులు పడవలో వచ్చి నాయకుడెవరని అడిగారు. జాలర్లు తమ పని తాము చేసుకుపోయారు. దాంతో ముందు పడవలో ఉన్న సొవేర్‌ను తమ పడవలోకి ఈడ్చి బేడీలు వేశారు. అన్న పడవలోనే నోరిన్ వల తాడు పట్టుకుని ఉంది. ఇంట్లో అమ్మకు ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు.

"నీ వల ఇప్పుడే పైకి లాగు, మీ అన్నను వదిలేస్తాను. నిన్ను చూసి మిగతావాళ్లూ లాగుతారు," అన్నాడు పోలీసు అధికారి ఆమెతో.

"లాగకే," అన్నాడు సొవేర్, మొహం తిప్పకుండానే.

నోరిన్ అన్న వైపు ఒక్కసారి చూసింది.

"దించిన వలను తెల్లారేదాకా ఎత్తకూడదు సార్. మా పంచాయితీ కట్టుబాటు అది."

ఆ పక్కన లూసియన్ తన పడవలో మిగిలిన వలను కూడా నీళ్లలోకి వదలడం మొదలుపెట్టాడు.