ఎత్తి తాగే కాఫీ

పవిత్రకు పెళ్ళయి ఇరవై రెండు రోజులు. పొద్దున్నే ఒకే స్టీలు గ్లాసులో భర్త మోహన్ సగం తాగి ఇచ్చిన కాఫీ రుచి ఇంకా నాలుక మీదే ఉంది. ఆ మురిపెం కాస్తా తను పనిచేసే కాఫీ షాపులో అడుగు పెట్టగానే ఇగిరిపోయింది.

"పూతలపట్టు హైవేలో కొత్త షాపు తెరస్తా ఉండాము. మీ ఇద్దరిలో ఒకరు ఆడికి పోవాల. ఉండేదానికి గది నేనే ఇస్తా. ఎవరు పోవాలో మా అమ్మ చెప్తాది," అన్నాడు యజమాని మునిశేఖర్, పవిత్రనూ తోటి పనివాడు ధర్మేంద్రనూ చూసి.

మోహన్ ఉద్యోగం ఇక్కడే, తిరుపతిలో. తను పూతలపట్టు పోతే అతణ్ణి చూసేది వారానికొకసారే.

మునిశేఖర్ తల్లి జ్ఞానాంబ అప్పటికే కుర్చీలో కూర్చుని ఇద్దరినీ దొంగల్ని చూసినట్టు చూస్తోంది. పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచి ఫిల్టరు కాఫీ తప్ప మరొకటి ముట్టని మనిషి. కొత్త మెనూ కార్డు తిప్పి చూసి విసిరికొట్టింది.

"కోర్టాడో, వియన్నా, రొమానో! కాఫీకి ఇన్ని పేర్లేందిరా? పేర్లు పెట్టేదానికి అదేమన్నా బిడ్డా?"

"ఊళ్ళు తిరిగొచ్చినోళ్ళు అడగతా ఉండారమ్మా. చేసేది తెలీక ముఖం వేలాడేస్తా ఉండాము. చెరొకటి చేస్తారు, నువ్వు తాగి చెప్పు."

నాలుగేళ్ళుగా ఆ కౌంటరు తనదేనన్నట్టు మెలిగే ధర్మేంద్ర, కార్డు తీసి ముందే ఏరుకున్నాడు.

"వియన్నా నాది. నీకు రొమానో, మే పవిత్రా. కాఫీలో నిమ్మకాయ! పులిహోర కలుపుకుంటావో, దిష్టి తీసుకుంటావో నీ ఇష్టం."

"దిష్టి నీకే తీస్తా అన్నా. ముందు చెయ్యి."

నల్లటి కాఫీ మీద గిలక్కొట్టిన మీగడను గోపురంలా నిలబెట్టి, కప్పు తెచ్చి జ్ఞానాంబ చేతికిచ్చాడు ధర్మేంద్ర. ఆమె తల వెనక్కి వాల్చి కప్పు పైకెత్తింది. పెదవి తగలకుండా ఎత్తి పోసుకోవడం ఆమె ఇంటి పద్ధతి. ఏమీ రాలేదు. ఇంకాస్త వంచింది. మీగడ ముద్ద జారి ముక్కు మీద పడింది. దాని వెనకాలే కాఫీ మెడ మీదుగా చీరలోకి దిగింది.

"ఓరి నీ చెయ్యిరగ! నా మొగానికి సున్నం కొడతావేంరా?"

"అది కప్పుకు నోరు పెట్టి తాగాలమ్మా..."

"మూతి పెట్టి ఎంగిలి సేసేదానికి నేనేమన్నా పిల్లినా?"

పవిత్రకు నవ్వు ఉబికి వచ్చింది. మరుక్షణమే చేతిలోని కప్పు చూసుకుని గతుక్కుమంది. రొమానోకు నిమ్మతొక్కను కప్పు అంచున రుద్దుతారు. పెదవి తగిలితేనే ఆ వాసన. ఎత్తి పోసుకునే మనిషికి మిగిలేది వట్టి చేదు.

కప్పు పక్కన పెట్టింది. మజ్జిగ కోసం సంచిలో తెచ్చుకున్న పొద్దుటి స్టీలు గ్లాసే తీసి రెండుసార్లు కడిగింది. నిమ్మతొక్కను దాని అడుగున పిండినట్టు మెలిపెట్టి వేసి, దాని మీదే చిక్కటి కాఫీ దించింది. తొక్క తీసేసి, ఇంకో గ్లాసులోకి రెండుసార్లు తిరగబోసి వేడి తగ్గించింది.

"కార్డులో కప్పు అనే ఉండాది. గ్లాసులో ఇస్తే ఒప్పుకోను," అన్నాడు ధర్మేంద్ర.

"నువ్వు నోర్మూసుకోరా మీగడోడా," అని జ్ఞానాంబ గ్లాసెత్తింది.

నల్లటి ధార తిన్నగా గొంతులోకి దిగింది. ఆమె మొహం ముడుచుకుంది.

"థూ! ఇసం."

పవిత్ర కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పూతలపట్టు బస్సు కళ్ళ ముందు కదిలింది. జ్ఞానాంబ మళ్ళీ ఎత్తింది.

"ఇసమే. వాసన మాత్రం బాగుండాది." గ్లాసు ఖాళీ అయింది. "ఈ గ్లాసు యాడిది?"

"మా ఇంటిదమ్మా. పెళ్ళికి పెట్టినారు."

"ఎవురన్నా ఎంగిలి సేసినారా?"

"రెండుసార్లు కడిగినానమ్మా."

"నేనడిగింది అది కాదు."

పవిత్ర చెంపలు ఎర్రబడ్డాయి. ముసలామె ఆమెను ఎగాదిగా చూసింది.

"సిగ్గులేని కాలం. రే శేఖరా, ఈ మీగడోడిని పూతలపట్టుకు పంపు. తాగే మనిషిని సూడకుండా పోసినాడు." తర్వాత పవిత్ర వైపు వేలు చూపించింది. "ఇంకోసారి ఈ గ్లాసు నాకిచ్చినావంటే కాళ్ళిరగ్గొడతా. కొత్తది తెచ్చి పెట్టు. రేప్పొద్దన వస్తా."

కౌంటరు మీది మీగడ తుడుస్తూ ధర్మేంద్ర పళ్ళు పటపటా నూరాడు. ఆ చప్పుడు కూడా పవిత్రకు పెళ్ళిపందిట్లో నాదస్వరంలాగే వినిపించింది.