ఐరన్ మాత్రల నలుపు

దేవుడికి తన కంటే తోడికోడలంటేనే ఇష్టమేమోనన్న అనుమానం పెద్దకోడలికి పదేళ్లుగా ఉంది. తెల్లారకముందే లేచి దండం పెట్టుకునేది తను. ఇంటిల్లిపాదీ నెత్తిన పెట్టుకునేది చిన్నదాన్ని. ఏడాదిగా అది మరీ ఎక్కువైంది. చిన్నదానికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం, నాలుగు గిన్నెలు తోమితే కళ్లు తిరగడం. ఒంట్లో రక్తం నిలవడం లేదన్నారు. నోట్లోంచి గొట్టం వేసి కడుపు, కిందనుంచి వేసి పెద్దపేగు చూశారు. ఎక్కడా ఏమీ దొరకలేదు.

"గిన్నెలు చూస్తే వచ్చే జబ్బుకి ఇన్ని పరీక్షలెందుకత్తయ్యా?" అంది పెద్దకోడలు.

"నోరు ముయ్యవే. దాని మొహం చూడు, సున్నం కొట్టిన గోడలా ఉంది," అంటూ అత్తగారు దానిమ్మ గింజలన్నీ చిన్నదాని పళ్లెంలోకే వొంపింది.

మర్నాడు పెద్దకోడలికి ఆసుపత్రికి తోడు వెళ్లక తప్పలేదు.

"మలం నల్లగా పోతోందా?" అడిగింది డాక్టరమ్మ.

"రోజూ అంతేనండీ. ఐరన్ మాత్రలకి అలాగే ఉంటుందని అక్క చెప్పింది."

"నిజమే. అయితే అవే వాడుతూ మూడు నెలలాగి రండి," అని డాక్టరమ్మ కలం తీసింది.

పెద్దకోడలు ఆ కలం వంక చూసింది. ఇంట్లో అందరి మాత్రలూ డబ్బాల్లో సర్దేది తనే. ఐరన్ సీసా అయిపోయి రెండు నెలలైంది. తెమ్మంటే మళ్లీ ఇంట్లో దాని జబ్బు గురించే మాటలని ఊరుకుంది. చిన్నది పెట్టినవి మింగడమే గానీ లెక్క చూసుకునే మనిషి కాదు.

చెబితే తన పరువు పోతుంది. చెప్పకపోతే?

"రెండు నెలలుగా దానికి ఐరన్ లేదండీ," అంది తల వంచుకుని. "నేనే తెప్పించలేదు."

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. "అయితే ఆ నలుపు రక్తానిదే. చిన్నపేగు చూడాలి."

చిక్కుడు గింజంత కెమెరా మింగించి, అది తీసే బొమ్మలు అందుకునే పెట్టె నడుముకి కట్టారు. 'దీని పేగులకి కూడా ఫొటోలే!' అనుకుంది పెద్దది, అంత భయంలోనూ. చిన్నపేగు నడుమ గుండుసూది తలంత రక్తనాళం నుంచి రక్తం ఊరుతూ కనిపించింది. రెండోనాడు పొడుగాటి గొట్టం పంపి దాన్ని కాల్చి మూసేశారు. ఒక సీసా రక్తం ఎక్కించారు.

"మాత్రల సంగతి అత్తయ్యకి చెప్పావా?" అడిగింది చిన్నది, మంచం మీద నుంచే.

"చెప్పాను. తిట్టాల్సినవన్నీ తిట్టింది. నువ్వూ తిట్టు."

"ఓపిక రానీ అక్కా. ముందు ఈ చిక్కు చూడు, నెత్తంతా దురద."

ఏడేళ్ల కిందట పెద్దదాని చెయ్యి విరిగినప్పుడు నలభై రోజులు తల దువ్వింది చిన్నదే. మెప్పు కోసమే చేస్తోందనుకుని పెద్దది ఒక్క మంచి మాటైనా అనలేదు. ఇప్పుడు దువ్వెన తీసుకుంది.

"అబ్బా, మెల్లిగా!"

"కదలకు. ఇంత జబ్బులోనూ నీ జుట్టే ఒత్తుగా ఉంది, పాడుమొహమా," అంటూ చిక్కు తీసి, కొస దాకా జడ వేసింది.