తెల్లమద్ది కషాయం

గుండెలో వాల్వు మార్చాక, రక్తం గడ్డకట్టకుండా నాకు రోజూ ఒక మాత్ర. అది చాలదన్నట్టు మా అక్క లచ్చవ్వ, నేను పనిచేసే యూనివర్సిటీలో హాస్టల్ వెనకాల గుండెకు మంచిదని తెల్లమద్ది చెట్టు బెరడు కొట్టుకొచ్చి కషాయం కాచింది. పైగా నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుని ఒట్టు వేయించింది.

“డాక్టర్‌కు గూడ చెప్పొద్దు బిక్షం. చెట్టు పేరు బయటపెడితే మందు గుణం పోతది. చెప్పినవనుకో, నన్ను సంపుకున్నట్టే.”

అమ్మ పోయాక నన్ను సాకిన మనిషి. కాదని ఎట్లా అంటాను? కళ్లు మూసుకుని మింగాను.

కొన్నాళ్లకు పళ్లు తోముకుంటే నెత్తురు. తార్నాకలో డాక్టర్ దయాకర్ పరీక్ష చేయించి, రక్తం మరీ పలచబడిందని మాత్ర సగానికి తగ్గించాడు. నాటుమందులేమైనా వాడుతున్నానా అని అడిగాడు. లేదన్నాను. నా అనుమానమంతా కషాయం మీదే. తాగలేను, తాగనని అక్కతో అనలేను. చివరికి ఆమె అటు తిరగగానే సింకులో పోయడం మొదలుపెట్టాను. ఇద్దరికీ టోపీ పెట్టానని మురిసిపోయాను కూడా, ఏం తెలివో నాది!

ఈ రోజు లైబ్రరీ మెట్లెక్కుతుంటే ఆయాసం వచ్చింది. అక్కే ఆటోలో తార్నాక తీసుకొచ్చింది.

“రక్తం చిక్కబడ్డది. వాల్వు దగ్గర గడ్డ కడితే ప్రాణం మీదికొస్తది. ఈ మధ్య ఏం మారింది?” అన్నాడు డాక్టర్, రక్తపరీక్ష చూసి.

అక్క నా మొహం చూసింది.

“తెల్లమద్ది సారూ. పొద్దుగాల నేనే తాపుతున్న. ఒక్కపూట తప్పలే. ఒట్టు పెట్టింది నేనే, వాని తప్పేం లేదు” అంది.

“అదే మాత్రను పనిచేయనిస్తలేనట్టుంది. కషాయం ఆపండి. మాత్ర సగమే ఉండనీ, కషాయం మానంగనే అది గట్టిగ పనిచేస్తది, ఇప్పుడే పెంచితే మళ్లీ నెత్తురు కారుతది” అంటూ డాక్టర్ రాయబోయాడు.

ఆ సగం మాత్ర నేను కషాయం తాగేటప్పుడు ఇచ్చింది. ఇప్పుడు తాగట్లేదు కాబట్టే రక్తం చిక్కబడింది. అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. నోరు మూసుకుంటే చస్తాను.

“నేను తాగుతలేను సార్. రోజూ సింకుల పోస్తున్న.”

డాక్టర్ రాయడం ఆపి, మాత్ర పెంచాలని, ముందు వాల్వు స్కాన్ తీయించాలని చెప్పాడు. అక్క మెల్లగా కుర్చీలో కూలబడింది.

“నేనంటే గంత భయమారా నీకు?” అంది.

అవుననడానికి కూడా భయమేసింది.