సెలవుల్లో సముద్రం

విశ్వవిద్యాలయంలో తీరశాఖ మూడో అంతస్తులో ఉంటుంది. సముద్రం గురించి చెప్పేవాళ్లు సముద్రానికి అందనంత ఎత్తులో ఉండాలని ముందుచూపున్నవాళ్లెవరో కట్టించినట్టుంది. ఆ శాఖ పెద్దాయన్ని విద్యార్థులు ‘గీతల మాస్టారు’ అంటారు. చేతిగీతలు చూసి జాతకం చెప్పేవాళ్లుంటారు గదా, ఈయన ఇసుకమీద గీత గీసి ఇళ్ల జాతకం చెబుతారు. గీతకి ఇవతల కట్టుకోవచ్చు, అవతల కూడదు. పురపాలక సంఘం ఆ గీతని కళ్లకద్దుకుని అమలు చేస్తుంది.

ఈ ఏడు పరీక్షలు వాయిదా పడ్డాయి. దాంతో తీరం కొలతలకి వెళ్లాల్సిన పిల్లలు ఎన్నడూ లేనిది సముద్రం చెలరేగే నెలలో వెళ్లారు. పొద్దున వెళ్లినవాళ్లు మధ్యాహ్నానికే తడిసి ముద్దై తిరిగొచ్చారు.

“సార్, బీచి లేదు.”

“లేకపోవడమేమిటమ్మా? వేరే చోటికెళ్లి ఉంటారు.”

“చోటు అదే సార్. ఇసుకే లేదు.”

మాస్టారు నవ్వబోయి ఆగిపోయారు. గోడ మీది క్యాలెండరు వంక చూశారు. పిల్లలుండేది సముద్రం నెమ్మదిగా ఉండే నెలల్లో, కనక శాఖ కొలతలన్నీ ఆ నెలల్లోనే. కెరటాలు ఇసుకని కోసుకుపోయే కాలంలో శాఖకి సెలవులు, తలుపుకి తాళం. మళ్లీ తాళం తీసేసరికి సముద్రం పట్టుకెళ్లిన ఇసుకలో చాలామటుకు తెచ్చి బుద్ధిమంతుడిలా పరిచేసి ఉండేది. ఇన్నేళ్లూ ఆయన కొలిచింది సముద్రాన్ని కాదు, అది నిద్రపోతుంటే దాని దుప్పటిని.

ఆ కాలమంతా తిరిగి, కొలిచి, కొత్త గీత గీశారు. అది పాతదానికన్నా బాగా లోపలికి జరిగింది. దానికి అవతల పడ్డ ఇళ్లవాళ్లు సముద్రం మళ్లీ చెలరేగే పోటు కాలం లోపు ఖాళీ చేసి, ఊరికి ఎగువన ఇచ్చే స్థలాలకి వెళ్లాలి. అలా అవతల పడిన సందులో మొదటి ఇల్లు మాస్టారి అక్కది. “ఇక్కడ కట్టుకోండి, గీతకి ఇవతలే ఉంది, పూచీ నాది” అని దగ్గరుండి శంకుస్థాపన చేయించింది ఆయనే.

కొత్త గీత వెంట గుంజలు పాతడానికి ముందురోజు సాయంత్రం అక్క ఇంటికి వెళ్లారు. కిటికీ పక్క కుట్టుమిషన్ ముందు బావ కూర్చుని ఎవరిదో ప్యాంటు నడుము విప్పుతున్నాడు. మెడలో టేపు, చెవిమీద సుద్దముక్క.

“రావయ్యా బావమరిదీ! ఇన్నాళ్లూ నువ్వు కోతలు కోశావు, ఇప్పుడు సముద్రం అందుకుందటగా?”

“బావా, వేళాకోళం కాదు.”

“నాకూ కాదురా. మీ సెలవుల సంగతి సముద్రానికి ముందే చెప్పి ఉంటే అదీ మీతోపాటే సెలవు పెట్టుకునేదిగా.” ప్యాంటు ఎత్తి చూపించాడు. “ఇదిగో, ఈయనకి పొట్ట పెరిగింది. ఏం చేస్తున్నాను? కుట్టు విప్పి కాస్త వదులు చేస్తున్నాను. నీ గీతకి ఆ మాత్రం వదులుండదూ? మా ఇంటి దగ్గర ఓ చిన్న వంపు తిప్పు. ఎవడికి తెలుస్తుంది?”

మాస్టారు అక్కవైపు చూశారు. ఆవిడ గడపమీద పేరుకున్న ఇసుకని చీపురుతో తోస్తోంది. ఆయన కాలేజీ చదువంతా ఆవిడ కుట్టిన బొత్తాల మీదే నడిచింది. ఇప్పటికీ చొక్కా బొత్తాం ఊడితే ఆయన ఇక్కడికే వస్తారు.

“అక్కా, ఏమైనా అను.”

“నేననేదేముందిరా? పెద్ద చదువులవాడివి. అప్పుడు ఉండమన్నావు, ఉన్నాం. ఇప్పుడు పొమ్మంటే పోవాలి గామోసు.” చీపురు ఆగింది. “ఆ వంపేదో కుదిరితే చూడు. నేను ఇంకో ఇంటికి అలవాటు పడలేను.”

ఆవిడ ఏనాడూ ఆయన్ని ఏదీ అడగలేదు. ఇదే మొదటిసారి. ఆయన నోట్లోంచి “చూస్తానులే” అని వచ్చేసింది.

చెప్పులు తొడుక్కుని బయటికి రాగానే ఎదురింటావిడ గోడమీంచి తొంగి చూసింది. చంకలో పసిపిల్ల, చేతిలో తడిబట్టలు.

“మాస్టారూ, సందంతా మీ అక్కగారి గుమ్మం వైపే చూస్తోందండీ. సొంత అక్కని ప్రమాదంలో పెట్టరు గదా మీరు! ఆవిడుంటే మేమూ ఉంటాం. మూటా ముల్లే విప్పేస్తాం.”

పసిపిల్ల ఆయన కళ్లజోడు కోసం చెయ్యి చాచింది. ఆయన వెనక్కి జరిగి, నడక అందుకున్నారు. సందు చివరి వరకూ గుమ్మాల్లో సగం కట్టిన మూటలు కనబడ్డాయి.

మర్నాడు పిల్లలు ఎర్రరంగు పూసిన గుంజలు మోసుకొచ్చారు. గీత ఎక్కడా వంపు తిరగలేదు. అక్క ఇంటి పెరటిగోడ వెనకాల పాతాల్సిన గుంజ దగ్గర మాస్టారు సమ్మెట తనే తీసుకున్నారు. ఒక్కో దెబ్బకీ పెరటి కిటికీ రెక్క అదిరింది. లోపల మిషన్ చప్పుడు ఆగింది, మళ్లీ మొదలవలేదు. అక్క బయటికి రాలేదు. ఎదురింటావిడ మాత్రం వచ్చి గుంజని చూసి, మాస్టారిని చూసి, గబగబా లోపలికెళ్లి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

సందు ఖాళీ అయింది. అక్కా బావా ఎగువన రేకుల గదిలోకి మారారు. అక్కడికి బొత్తాం ఊడిన చొక్కాతో ఓసారి వెళితే, అక్క మాట్లాడకుండానే కుట్టి ఇచ్చింది. బావ ఒక్క హాస్యమూ ఆడలేదు. ఆయనకి అన్నిటికన్నా దానికే భయం వేసింది.

పోటు కాలం వచ్చింది. ఈసారి తీరశాఖకి తాళం పడలేదు. సెలవులు మానుకున్న కొందరు పిల్లలతో మాస్టారు తీరానికి వెళ్లారు. సందు ఉన్నచోట గోధుమరంగు నీళ్లు కొట్టుకుంటున్నాయి. ఎదురింటి గోడ జాడ లేదు. అక్క ఇంట్లో మిషన్ పెట్టుకున్న గచ్చుమాత్రం కాస్త కనబడి మునుగుతోంది. నీటి అంచుకి ఇవతల, పొడి నేలమీద, ఎర్ర గుంజ నిటారుగా నిలబడి ఉంది.

“సార్, మన గీత కరెక్టు సార్!” అన్నాడొక కుర్రాడు సంబరంగా. మాస్టారు తలూపి, పక్కకెళ్లి అక్కకి ఫోను చేశారు.

“అక్కా, అందరూ క్షేమం. నీళ్లు గుంజ దాకా రాలేదు.”

“గుంజ నిలబడిందా?”

“నిలబడింది.”

“ఇల్లో?”

ఆయన నీళ్లవైపు తిరిగారు. ఫోను చెవి దగ్గరే ఉంది. ఆవిడ నిద్రపోయే గది ఉన్నచోట ఒక కెరటం పెద్ద చప్పుడుతో విరిగింది, దాని వెనకే మరొకటి.

“సరేలే. వినపడుతోంది” అంది అక్క.