వంకర దూలాల లెక్క

మొదటి తప్పు నాదే. ఆ మాట ముందే ఒప్పేసుకుంటే మిగతావాళ్ళను తిట్టడానికి నోరు స్వేచ్ఛగా ఉంటుంది. తిట్టాల్సింది చాలా ఉంది.

పాత కట్టడాలను లేజరుతో కొలవడం నా వృత్తి. మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం గిర్రున తిరుగుతూ అన్ని వైపులకూ కాంతి విసురుతుంది. ఆ కాంతి తగిలిన ప్రతి చోటునూ ఒక చుక్కగా రాసుకుంటుంది. కోట్ల చుక్కలు కలిస్తే కంప్యూటరులో గోడ గోడలాగే, మెట్టు మెట్టులాగే కనిపిస్తుంది. పోయిన ఏడాది పురాతన కట్టడాల ఆఫీసు మా పాత గ్రంథాలయం హాలును కొలవమని నాకు అప్పగించింది. దాని కప్పును మోసేవి పద్నాలుగు దూలాలు. ఒక్కొక్కటీ తొమ్మిది మీటర్లు, ఒక్కొక్కటీ ఒకే మాను. ముప్ఫై ఏళ్ళుగా వాటి బాగోగులు చూస్తున్న వడ్రంగి మా బాబాయి. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. బడి అయ్యాక నేను ఆ హాల్లోనే ఆయన పని ముగిసేదాకా కూర్చుని చదువుకునేదాన్ని.

మొదటి రోజు బాబాయి యంత్రం చుట్టూ ఒకసారి తిరిగి చూశాడు.

"దీనికి కళ్ళెన్ని?"

"ఒకటే బాబాయ్."

"నాకు రెండున్నాయి. అయినా మీ ఆఫీసువాళ్ళు దీన్నే నమ్ముతారు" అని నవ్వి, వెళ్ళి రంపానికి పదును పెట్టుకున్నాడు.

మూడు రోజుల్లో కొలత అయిపోయింది. రిపోర్టుకు ఆఫీసువాళ్ళ నమూనా ఒకటుంది. దూలం ఈ చివరి నుంచి ఆ చివరికి తిన్నని గీత ఒకటి ఊహించుకుని, దూలం ఆ గీతకు ఎంత ఎడంగా ఉందో అది రంగుల్లో చూపిస్తుంది. దగ్గరైతే పచ్చ, దూరమైతే ఎరుపు. ఆ ఎడం పైకా కిందికా అన్నది మాత్రం చెప్పదు. చెప్పించాలంటే ఒక గడిలో టిక్కు పెట్టాలి. గడువు నెత్తి మీద కూర్చుని ఉంది, నేను పెట్టలేదు. పద్నాలుగు దూలాలూ నడిమధ్యలో ఎర్రగా వచ్చాయి, తొమ్మిదేసి సెంటీమీటర్లు. ఇన్నేళ్ళ బరువుకి దూలం కుంగక ఏం చేస్తుందనుకున్నాను. "దూలాలు కుంగాయి" అని రాసి సంతకం పెట్టాను.

నెల తర్వాత మీటింగుకు పిలిచారు. డైరెక్టరు గారు నా ఎర్ర బొమ్మను గోడంత చేసి వేయించారు.

"కప్పు ఎప్పుడు కూలుతుందో తెలీదు. అంత కలప ఇప్పుడు తేలేం. హాలు తీసేద్దాం. మేడమ్ గారు ప్రతి మేకునూ ఫైల్లో ఎక్కించారు కదా, కొత్త భవనంలో పెద్ద తెర మీద చూపిద్దాం. ఎండకి ఎండదు, వానకి తడవదు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. హాలు నిలబడాలని కొలిచాను నేను. ఆ కొలతనే పలుగూ పారా చేసుకున్నాడు ఈయన.

ఆయన పక్కన అటవీ శాఖ నుంచి వచ్చిన లెక్కలాయన కూర్చున్నాడు. చెట్ల విలువ కట్టడం ఆయన ఉద్యోగం. మెత్తటి మనిషి, టీ తాగినా చప్పుడు కాదు. కొండవాలు అడవిలో వానలు తగ్గి, పురుగు పట్టి, ఇంకో పదేళ్ళలో పెద్ద చెట్లన్నీ నిలువునా ఎండిపోతాయని ఆయన లెక్క. ఎండిన చెట్టుకు ధర ఉండదు కాబట్టి ఇప్పుడే, వచ్చే సోమవారమే కొట్టేయాలి. తిన్నని మానులు పలకలకు, వంకరవి ముక్కలు కొట్టి కాగితం మిల్లుకు.

"వంకర మానులు పాత కట్టడాలకు పనికొస్తాయంటే కొట్టకుండా ఉంచే వీలుందండీ. అందుకే మీ ఆఫీసును అడిగాం. పనికిరావని ఈ బొమ్మ జతచేసి పంపారు" అన్నాడు.

అంటే నా సంతకం హాలుతో ఆగలేదు, కొండదాకా వెళ్ళింది.

సాయంత్రం బాబాయికి చెప్పాను. ఆయన చొక్కా వేసుకుని, నిచ్చెన భుజాన వేసుకుని, నన్ను హాలుకు లాక్కెళ్ళాడు. మొదటి దూలం రెండు చివరలా మేకులు కొట్టి, వాటి మధ్య పురికొస బిగించి కట్టాడు.

"ఎక్కి చూడు."

ఎక్కాను. దూలం పురికొసకు బెత్తెడు దూరంలో, పైకి లేచి ఉంది.

"వాలు మీద పెరిగిన చెట్టు వెలుతురు కోసం వంగుతుందమ్మా. ఆ వంపును పైకి పెట్టి కట్టారు మా పెద్దలు. కప్పు బరువు పడేకొద్దీ అది బిగుస్తుంది. కుంగడమేంటి, తొమ్మిది సెంటీమీటర్లు ఎత్తి మోస్తోంది."

"మరి నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వెప్పుడు అడిగావ్? కొలుస్తూనే ఉన్నావు కదా."

తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి ఆ గడిలో టిక్కు పెట్టాను. పదమూడు దూలాలు పైకే ఉన్నాయి. ఏడోది ఒక్కటే కిందికి దిగింది. గోడలో నీరు కారి దాని మొదలు కుళ్ళిపోయిందని బాబాయి చెప్పాడు. అది మార్చాల్సిందే, దానికి అదే వంపున్న మాను కావాలి.

గురువారం పొద్దున్నే డైరెక్టరు గారి ఎదుట నిలబడ్డాను. నా రిపోర్టు తప్పనీ, అటవీ శాఖకు వెంటనే చెప్పి కొట్టడం ఆపించాలనీ రాసిచ్చాను.

"యంత్రం తప్పు చెప్తుందా మేడమ్?"

"యంత్రం సరిగ్గానే కొలిచింది సార్. తప్పు రాసింది నేను."

"కమిటీ ఒప్పుకునేదాకా రిపోర్టు మారినట్టు కాదు. కమిటీ వచ్చే బుధవారం."

"చెట్లు కొట్టేది సోమవారం కదా సార్."

"అది వేరే శాఖ" అని ఆయన నా ఉత్తరాన్ని ఫైల్లో పెట్టి, ఫైలుకు తాడు కట్టారు. తప్పు రిపోర్టు కొండ దాకా వెళ్ళడానికి ఏ కమిటీ అక్కర్లేకపోయింది. సరైనదానికి మాత్రం కమిటీ కావాలట. లెక్కలాయనకు నేనే ఫోన్ చేశాను. ఆయన నీళ్ళు నమిలాడు. నా మాట మీద ఆపలేననీ, ఆఫీసు ముద్రతో కాగితం రావాలనీ అన్నాడు. ఆయన గొంతులో బాధ ఉంది, కాదనను. ఆ బాధ ఒక్క గొడ్డలినైనా ఆపిందా?

బుధవారం బాబాయి కమిటీవాళ్ళందరినీ హాలుకు రప్పించి పురికొస కట్టి చూపించాడు. హాలు నిలిచింది. నాకు ఆరు నెలలు పనివ్వొద్దని రాశారు. అది న్యాయమే. డైరెక్టరు గారిని మాత్రం సకాలంలో పొరపాటు సరిదిద్దారని మెచ్చుకున్నారు. నేను అక్కడే కూర్చుని విన్నాను.

మర్నాడు లెక్కలాయన ఒక ఫైలు పంపాడు. కొట్టకముందు విలువ కట్టడానికి కొండవాలు మొత్తాన్ని లేజరుతో కొలిపించారట, "మీకేమైనా ఉపయోగపడుతుందేమో" అని రాశాడు. ఒళ్ళు మండింది. అయినా తెరిచాను. ఏడో దూలం కుళ్ళకముందు ఉండాల్సిన వంపును గీసి, మూడు వేల మానుల మీద ఒక్కొక్కటిగా ఆనించి చూశాను. రెండు రోజులు పట్టింది. వాటిలో రెండు వందల పన్నెండో చెట్టు ఒక్కటే మొదలు నుంచి చివరిదాకా పచ్చగా వచ్చింది.

బాబాయి నా వెనక నిలబడి ఉన్నాడని చూసుకోలేదు. కళ్ళజోడు పైకి తోసుకుని తెర మీదికి వంగాడు. వంపు వెంట వేలితో మెల్లగా తడిమాడు. ఆయన ముఖం విప్పారింది.

"ఇదేనమ్మా. దీన్ని పెద్దగా చెక్కే పని కూడా లేదు. కొట్టేవాళ్ళకి చెప్పు, మొదలు దగ్గర ఒక అడుగు ఎక్కువ ఉంచమను. గోడలోకి దూర్చడానికి కావాలి."

కమిటీ రోజు ఆయన సంబరం చూసి కొండ సంగతి దాచాను. ఇక దాచడానికి ఏం మిగిలింది?

"వంకరవన్నీ సోమవారమే కొట్టేశారు బాబాయ్. ఇదీ మిల్లుకి వెళ్ళిపోయింది."

ఆయన వేలు తెర మీదే ఉంది. దాన్ని వెనక్కి తీసుకుని కళ్ళజోడు తీసేశాడు.

"ఆ తెర ఆపెయ్యమ్మా. చూడలేను."